అన్నం పెట్టే చేతులే సూదీ వేయించాలి



ఈ పేజీలో మీరు సాధారణంగా బి.పి., షుగరు, బాలింతల ఆహారం, పిల్లల టీకాల గురించి చదువుతుంటారు. ఈ సంచికలో వీధి కుక్కల గురించి రాస్తున్నాను. "నర్సమ్మకు కుక్కలతో ఏం పని?" అని కొందరు అనుకోవచ్చు. పని ఉంది. కుక్క కరిచినవారు పరుగెత్తుకొని వచ్చేది మన క్యాజువాలిటీకే. ఆ కుక్కలకు రోజూ అన్నం పెట్టేవారు కూడా మనవారే. మన సంఘ సభ్యులు, మన వార్డు ఆయాలు, మన వాచ్‌మన్లు. "అన్నిటినీ చంపించేయండి" అని ఒకరంటారు. "మూగజీవాలు, వాటి జోలికి పోకండి" అని ఇంకొకరంటారు. కట్టు కట్టే బల్ల దగ్గర నిలబడినవారికి ఈ రెండు మాటలూ సరిపోవు.

వీధి కుక్కను చూసుకోవడమంటే పోతూ పోతూ ఒక ముద్ద విసరడం కాదు. రోగిని చూసుకున్నట్టే రోజూ చూసుకోవాలి, లెక్క రాసుకోవాలి, సమయానికి సూది వేయించాలి. ఆ పని సరిగ్గా జరిగిన వీధిలో కుక్కకూ మేలు, చిన్న పిల్లలకూ మేలు. సగం పని చేసి వదిలేస్తే ఇద్దరికీ ముప్పు.

మూడు ఊళ్లు, ముగ్గురు సేవకులు

మన ఆసుపత్రికి సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతాల నుండి రోగులు వస్తుంటారు. ఈ మూడు ఊళ్లలో కుక్కలను కనిపెట్టుకొని ఉండే ముగ్గురిని నేను దగ్గరగా చూశాను. తమ పేర్లు రాయవద్దని వారు కోరారు.

మొదటి ఆయన సూర్యాపేటవారు, మన ఆసుపత్రి రాత్రి వాచ్‌మన్. డ్యూటీ దిగేముందు, తెల్లవారుజామున ఐదున్నరకు గేటు బయట చెట్టు కింద కుక్కలను లెక్క చూసుకుంటారు. నల్లది, గోధుమరంగుది, తోక తెగినది, మొత్తం మూడు. ఏది కుంటుతోంది, ఏది తినలేదు, దేనికి పుండు పడింది అని జేబులోని చిన్న పుస్తకంలో రాసుకుంటారు. మన నర్సులు రాసే నైట్ రిపోర్టు చూసి నేర్చుకున్నానని చెప్పారు. "ఒక్కటి తక్కువున్నా ఎతుకుత సిస్టరమ్మా. యాడ లారీ కింద పడ్డదో అని పానం కొట్టుకుంటది" అన్నారు. 65వ నంబరు జాతీయ రహదారి పక్కన బతికే కుక్కకు లారీ భయం ఆకలి కంటే ఎక్కువ.

రెండవ ఆవిడ కోదాడలో బస్టాండు దగ్గర టిఫిన్ బండి నడుపుతారు. హైదరాబాదు, విజయవాడ బస్సులు ఆగే చోట హోటళ్లుంటాయి, హోటళ్ల వెనుక ఎంగిలి విస్తళ్లుంటాయి, విస్తళ్ల దగ్గర కుక్కలుంటాయి. 2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టినప్పుడు బస్సులు ఆగాయి, హోటళ్లు మూతపడ్డాయి. కుక్కలు మూసిన షట్టర్ల ముందు రోజుల తరబడి కూర్చున్నాయట. తన బండి కూడా ఆగిపోయినా ఆవిడ ఇంట్లో గంజి కాచి బకెట్‌తో తెచ్చి పోశారు. పనుల మీద, చూడడానికి వచ్చిపోయేవారిని నమ్ముకొని బతికే కుక్కలకు ఎక్కడైనా ఇదే కష్టం. గ్రీసు దేశపు దీవుల్లో వేసవిలో యాత్రికులు వచ్చి కుక్కలను ముద్దుచేసి తినిపిస్తారు. చలికాలంలో యాత్రికులు వెళ్లిపోతారు, హోటళ్లు మూతపడతాయి. అప్పుడు ఆ ఊరివారు, స్వచ్ఛందంగా పనిచేసేవారు రోజూ గిన్నెలు పట్టుకొని తిరుగుతారు. కోదాడ బస్టాండులో ఒక్క స్త్రీ ఆ పని చేసింది.

మూడవ ఆయన మిర్యాలగూడలో ఒక రైసుమిల్లులో గుమాస్తా. ధాన్యం లారీలు వచ్చే మిల్లు ఆవరణలో పదకొండు కుక్కలున్నాయి. మిల్లులో నూకలకు కొదవ లేదు కాబట్టి తిండికి ఇబ్బంది లేదు. అయితే ఆయన గొప్ప అక్కడ లేదు. ప్రతి సంవత్సరం ఆ పదకొండింటికీ రేబిస్ టీకా వేయించి తేదీలు గోడ మీద కేలండరులో రాస్తారు. "మా మిల్లుల హమాలీల పిల్లలు ఆడుకుంటరు మేడమ్. అన్నం పెట్టి మచ్చిక చేసింది నేను. అది కరిస్తే నేనే కరిచినట్టు గదా" అన్నారు. ఈ మాట ప్రతి ఒక్కరూ గుర్తుంచుకోవాలి.

ఏమి పెట్టాలి, ఎక్కడ పెట్టాలి

నూకలు మెత్తగా ఉడికించి, చికెన్ దుకాణంలో చౌకగా దొరికే కాళ్లు, మెడలు బాగా ఉడకబెట్టి, ఎముకలు తీసేసి కలిపితే చాలు. ఉడికిన కోడి ఎముక చీలికలై గొంతులో, పేగుల్లో గుచ్చుకుంటుంది. ఉప్పు, కారం, మసాలా వద్దు. ఉల్లిపాయ, చాక్లెట్ కుక్కకు విషం. బూజు పట్టిన రొట్టె, పులిసిన కూర మనం తినలేనివి కుక్కకు మంచివి కావు.

ఆదివారం మటన్ దుకాణాల ముందు పచ్చి కాలేయం, ఊపిరితిత్తుల ముక్కలు కుక్కలకు విసురుతుంటారు. ఇది చాలా ప్రమాదం. గొర్రె అవయవాల్లో ఉండే నీటి తిత్తుల ద్వారా కుక్క కడుపులోకి ఒక చిన్న బద్దెపురుగు చేరుతుంది. దాని గుడ్లు కుక్క మలంతో బయటికి వచ్చి, మట్టి ద్వారా, కడగని కూరగాయల ద్వారా మనుషులకు చేరితే కాలేయంలో హైడాటిడ్ తిత్తులు పెరుగుతాయి. అందుకే మాంసం ఏదైనా ఉడికించాలి, కుక్కను ముట్టుకున్న తర్వాత సబ్బుతో చేతులు కడుక్కోవాలి, పశువైద్యుల సలహాతో నులిపురుగుల మందు వేయించాలి.

పెట్టే చోటు కూడా ముఖ్యం. బడి దారిలో, మెట్ల ముందు, పిల్లలు ఆడుకునే చోట పెట్టకూడదు. రోజూ ఒకే వేళకు, ఒకే పక్కచోట, ఒక్కొక్క కుక్కకు వేరుగా పెడితే కొట్లాటలుండవు. తినడం అయ్యాక గిన్నెలు తీసి కడిగి, నేల ఊడ్చాలి. మిగిలిన అన్నం ఎలుకలను పిలుస్తుంది. ఎండాకాలంలో అన్నం కంటే నీళ్లు ముఖ్యం. మే నెలలో మన జిల్లాల ఎండ ఎలా ఉంటుందో చెప్పనక్కరలేదు. నీడలో ఒక సిమెంటు తొట్టి పెట్టి, దోమలు గుడ్లు పెట్టకుండా రోజూ నీళ్లు మార్చండి.

చెత్త మాట కూడా చెప్పాలి. వీధిలో ఎన్ని కుక్కలు బతుకుతాయనేది అక్కడ దొరికే తిండిని బట్టి ఉంటుంది. 2000ల తొలి సంవత్సరాల్లో సూర్యాపేట మున్సిపాలిటీ ఇంటింటికీ తిరిగి తడి చెత్త, పొడి చెత్త వేరుగా సేకరించి, వీధిలో చెత్తకుండీలు లేని పట్టణంగా దేశమంతటా పేరు తెచ్చుకుంది. తడి చెత్తతో వానపాముల ఎరువు చేశారు. అది కుక్కల కోసం చేసిన పని కాకపోయినా, కుక్కల సమస్యకు మందు అందులోనే ఉంది. ఎంగిలాకులు రోడ్డు మీద పారవేసి, కుక్కలు ఎక్కువయ్యాయని బాధపడితే లాభం లేదు.

రోజూ కనిపెట్టవలసినవి

రోగి మంచం దగ్గరికి వెళ్లిన నర్సు ముందు ముఖం చూస్తుంది, తర్వాత చార్టు చూస్తుంది. కుక్క విషయంలోనూ అంతే. వెంట్రుకలు రాలి చర్మం ఎర్రబడితే గజ్జి. చెవుల్లో, వేళ్ల సందుల్లో పిడుదులు చేరతాయి. వానాకాలంలో చిన్న గాయంలో కూడా ఈగలు వాలి పురుగులు పడతాయి. కుక్కపిల్లలకు వాంతులు, నెత్తురు విరేచనాలు అయితే పార్వో అనే జబ్బు కావచ్చు. ఆలస్యం చేయకుండా ప్రభుత్వ పశువైద్యశాలకు తీసుకెళ్లాలి. మన ఇంట్లో మిగిలిన మాత్రలు, ముఖ్యంగా నొప్పి మాత్రలు కుక్కకు వేయకండి. మనుషులకు పనికివచ్చే మందు కుక్క ప్రాణం తీయవచ్చు.

ఒక లక్షణాన్ని ప్రత్యేకంగా గుర్తుంచుకోండి. పిచ్చికుక్క అంటే ఎప్పుడూ మీదపడి కరిచేదే అనుకుంటాము. కొన్ని కుక్కలకు మూగ రేబిస్ వస్తుంది. అది మూలన నక్కి ఉంటుంది, దవడ జారి నోరు తెరుచుకొనే ఉంటుంది, చొంగ కారుతుంది, మింగలేదు, అరుపు మారుతుంది. పాపం, గొంతులో ఎముక ఇరుక్కుందేమో అని జాలిపడి నోట్లో చేయి పెట్టేవారుంటారు. ఎన్నడూ అలా చేయకండి. దూరంగా ఉండి, పిల్లలను దూరంగా ఉంచి, మున్సిపాలిటీకి, పశువైద్యశాలకు తెలియజేయండి.

టీకా, ఆపరేషన్

ఒక ప్రాంతంలోని కుక్కల్లో కనీసం నూటికి 70 కుక్కలకు టీకా పడితే రేబిస్ ఒకదాని నుండి ఇంకొకదానికి పాకడం ఆగిపోతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మిర్యాలగూడ మిల్లులో పదకొండింటికి పదకొండూ వేయించారంటే ఆయన తన మిల్లు చుట్టూ ఒక కంచె కట్టినట్టే. మూడు నెలలు నిండిన పిల్లకు మొదటి టీకా, తర్వాత పశువైద్యులు చెప్పినట్టు బూస్టరు, ఆపై ఏటేటా వేయించాలి. ప్రతి సంవత్సరం జూలై 6న జంతువుల నుండి మనుషులకు వచ్చే వ్యాధుల నివారణ దినం జరుపుతారు. 1885లో అదే రోజున లూయీ పాశ్చర్ గారు జోసెఫ్ మీస్టర్ అనే తొమ్మిదేళ్ల బాలుడికి మొదటిసారి రేబిస్ టీకా ఇచ్చారు. ఆ రోజున పశువైద్యశాలల్లో ఉచితంగా టీకాలు వేస్తారు. తేదీ రాసి పెట్టుకోండి.

ఇక పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్. చిత్తకార్తె వచ్చిందంటే కుక్కలు గుంపులు కడతాయని మన పల్లెల్లో అందరికీ తెలుసు. సుమారు 63 రోజులకు ఈనుతాయి. చలికాలంలో ఏ గల్లీలో చూసినా పిల్లలు. ఎన్నో చలికి, జబ్బుకు, బండ్ల కింద పోతాయి. పిల్లలున్న తల్లికుక్క దగ్గరికి ఎవరు పోయినా మీదికి వస్తుంది. ఆపరేషన్ అయిన కుక్కకు ఈ తిప్పలుండవు, మగకుక్కల కొట్లాటలూ తగ్గుతాయి. ఆపరేషన్ అయిన గుర్తుగా చెవి కొసన చిన్న గాటు పెడతారు. చెవి గాటు ఉన్న కుక్కను చూసి భయపడకండి, దాన్ని ఎవరో పట్టించుకున్నారని తెలుసుకోండి.

మన తెలుగు ప్రాంతాల్లో ఈ పని చేసేవారు లేకపోలేదు. హైదరాబాదులో 1992లో అక్కినేని అమలగారు ప్రారంభించిన బ్లూక్రాస్, పుట్టపర్తిలో 2000 నుండి నెదర్లాండ్స్‌కు చెందిన ఒక మహిళ చొరవతో నడుస్తున్న కరుణ సొసైటీ ఇందుకు ఉదాహరణలు. చిన్న పట్టణాల్లో అటువంటి సంస్థలు అందుబాటులో ఉండవు. అందువల్ల మున్సిపాలిటీని అడిగే బాధ్యత, కుక్కను పట్టించే రోజున దగ్గరుండే బాధ్యత అన్నం పెట్టేవారి మీదే పడుతుంది. ఎందుకంటే కుక్క వారి చేతికే వస్తుంది.

కరిస్తే ఏం చేయాలి

2023 ఫిబ్రవరిలో హైదరాబాదు అంబర్‌పేటలో నాలుగేళ్ల బాలుడు వీధి కుక్కల దాడిలో చనిపోయాడు. ఆ తల్లిదండ్రుల దుఃఖం ముందు జంతుప్రేమ గురించి ఎవరమూ తేలికగా మాట్లాడలేము. గాయంతో పోయే ప్రాణాలు కొన్ని. చిన్న గాటుతో, తెలియకుండా రేబిస్ వచ్చి పోయే ప్రాణాలు ఎక్కువ. ప్రపంచంలో జరిగే రేబిస్ మరణాల్లో మూడో వంతుకు పైగా మన దేశంలోనే అని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా.

నర్సింగ్ విద్యార్థినిగా ఉన్నప్పుడు నేను రేబిస్ రోగిని చూశాను. పాతికేళ్లు లేని యువకుడు. గది చీకటి చేసి ఫ్యాను ఆపేశారు, గాలి తగిలినా గొంతు బిగుసుకుంటుంది కాబట్టి. దాహంతో నీళ్లు అడుగుతాడు, గ్లాసు చూస్తే వణికిపోతాడు. చివరివరకు తెలివితోనే ఉన్నాడు. రెండు నెలల క్రితం కుక్క కరిస్తే ఆకుపసరు కట్టించుకున్నాడని తల్లి చెప్పింది. లక్షణాలు కనబడిన తర్వాత ఈ జబ్బుకు మందు లేదు. లక్షణాలు రాకముందు మాత్రం పూర్తిగా ఆపగలము. ఇంత స్పష్టమైన తేడా ఉన్న జబ్బు నాకు తెలిసి ఇంకొకటి లేదు.

అందుకే ఈ వరుస గుర్తుంచుకోండి.

1. వెంటనే పారే నీళ్ల కింద సబ్బుతో 15 నిమిషాలు కడగాలి. గడియారం చూసి కడగండి. ఈ పని ఇంటి దగ్గరే, ఆసుపత్రికి బయలుదేరకముందే చేయాలి.

2. పసుపు, కారం, సున్నం, కాఫీపొడి, ఆకుపసరు ఏదీ పెట్టకూడదు. గట్టిగా కట్టు కట్టకూడదు.

3. అదే రోజు ఆసుపత్రికి రావాలి. టీకా కండకు వేస్తే 0, 3, 7, 14, 28 రోజుల్లో ఐదుసార్లు. చర్మంలోకి వేసే పద్ధతిలో 0, 3, 7, 28 రోజుల్లో నాలుగుసార్లు. మొదటి సూది వేసిన రోజునే 0 రోజు అంటారు.

4. నెత్తురు వచ్చిన గాయమైతే టీకాతో పాటు గాయంలో, దాని చుట్టూ ఇమ్యునోగ్లోబ్యులిన్ కూడా వేయాలి. టీకా శక్తి రావడానికి కొన్ని రోజులు పడుతుంది, అప్పటివరకు కాపాడేది ఇదే. ధనుర్వాతం సూది సంగతి కూడా డాక్టరుగారిని అడగండి.

5. కరిచిన కుక్కను చంపకండి. 10 రోజులు కనిపెట్టి ఉండండి. అయితే కుక్క సంగతి తేలేదాకా టీకా మొదలుపెట్టకుండా ఉండకూడదు.

"కరవలే సిస్టరమ్మా, గోరు గీసుకుంది గంతే" అని చాలామంది అంటారు. గోరు గీసినా టీకా కావాలి. మనకు సువార్తలో ధనవంతుడు, లాజరు ఉపమానం తెలుసు. మనుషులు పట్టించుకోని లాజరు పుండ్లను కుక్కలు నాకినట్టు లూకా రాశారు. మనుషుల కఠినత్వాన్ని అది ఎత్తి చూపుతుంది. వైద్యపరంగా మాత్రం తెరిచిన పుండును కుక్క నాకడం నెత్తురు వచ్చిన కాటుతో సమానం. టీకా, ఇమ్యునోగ్లోబ్యులిన్ రెండూ కావాలి. షుగరు వల్ల కాలిపుండ్లు ఉన్నవారు కుక్కల దగ్గర ఇది మరువకండి.

ఇంకొక భయం తీర్చాలి. "బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులు" అన్నది పాత మాట. గొర్రె మెదడుతో చేసిన ఆ పాత టీకాను మన దేశంలో ఆపేసి రెండు దశాబ్దాలు అయింది. ఇప్పుడు భుజానికి, చిన్నపిల్లలకు తొడకు వేస్తారు. గర్భిణులు, బాలింతలు కూడా తీసుకోవచ్చు. పథ్యం లేదు. రోజూ కుక్కలకు అన్నం పెట్టేవారు, పట్టేవారు కరవకముందే టీకా వేయించుకోవడం మంచిది. అటువంటివారిని తర్వాత కుక్క కరిచినా రెండు సూదులతో సరిపోతుంది. మన వాచ్‌మన్ గారు, మిల్లు గుమాస్తా గారు ఇద్దరూ వేయించుకున్నారు.

చట్టం, మన ఆవరణ

విషం పెట్టి, కొట్టి కుక్కలను చంపడం 1960 నాటి జంతు హింస నివారణ చట్టం ప్రకారం నేరం. దానివల్ల ఉపయోగమూ లేదు. తిండి ఉన్న చోటికి టీకా లేని కొత్త కుక్కలు వచ్చి చేరతాయి. ఆపరేషన్, టీకా చేసి అదే చోట వదిలే పద్ధతిని 2001లో, మళ్లీ 2023లో కేంద్ర ప్రభుత్వ నియమాలు నిర్దేశించాయి. 2025 ఆగస్టు 22న సుప్రీంకోర్టు కూడా ఇదే పద్ధతిని చెబుతూ, రేబిస్ ఉన్నవాటిని, మీదపడే స్వభావం గలవాటిని వదలవద్దని, మున్సిపాలిటీ చూపిన చోటే అన్నం పెట్టాలని ఆదేశించింది. 2025 నవంబరు 7న మరొక ఆదేశంలో బడులు, ఆసుపత్రులు, బస్టాండ్లు, రైల్వేస్టేషన్లు, క్రీడాప్రాంగణాల్లోని వీధి కుక్కలను షెల్టర్లకు తరలించాలని, తిరిగి అక్కడే వదలవద్దని చెప్పింది. ఆసుపత్రులన్నిటిలో రేబిస్ టీకా, ఇమ్యునోగ్లోబ్యులిన్ ఎల్లప్పుడూ ఉండాలని కూడా చెప్పింది.

ఈ వార్త విని వాచ్‌మన్ గారు నా ఆఫీసుకు వచ్చారు. "మరి మన నల్లది యాడికి పోతది సిస్టరమ్మా?" అని అడిగారు. ఆరేళ్లుగా ఆయనతో రాత్రి డ్యూటీ చేసిన కుక్క అది. జవాబు చెప్పడం నాకు కష్టమే అయింది. కాని ఆపరేషన్ అయిన రోగులు, అప్పుడే పుట్టిన శిశువులు ఉండే చోట కుక్క తిరగకూడదన్నది కోర్టు చెప్పకముందు నుండీ నర్సింగ్ నియమమే. మేము ప్రహరీ గోడ కంతలు పూడ్పించాము. వంటగది వెనుక మూతలున్న డబ్బాలు పెట్టించాము. నల్లదాన్ని ఆయన తన ఇంటికి తీసుకుపోయారు. గోధుమరంగుదాన్ని వంటగదిలో పనిచేసే ఒకామె, తోక తెగినదాన్ని ల్యాబ్ అబ్బాయి పెంచుకుంటున్నారు. మూడింటికీ ఆపరేషన్, టీకా ముందే అయి ఉండటం వల్ల ఇళ్లవాళ్లు భయపడలేదు. కోదాడ టిఫిన్ బండి ఆవిడ కూడా మున్సిపాలిటీ సిబ్బందిని అడిగి, బస్టాండుకు దూరంగా వేరే చోట పెడుతున్నారు. రోజూ అరగంట ఎక్కువ నడవాలి. "నడుస్త. ఏమైతది?" అన్నారు.

మీకు నా మనవి

మీ వీధిలో కుక్కలకు అన్నం పెడుతున్నారా? దేవుడు మిమ్మల్ని దీవించును గాక. ఈ వారంలోనే వాటిని లెక్కపెట్టి, చెవి గాటు ఉన్నవి ఎన్ని, లేనివి ఎన్ని రాసుకోండి. టీకా తేదీ తెలియనిదాన్ని టీకా పడనిదిగానే లెక్కించండి. నలుగురు కలిసి పశువైద్యశాలకు వెళ్లి మాట్లాడండి. కుక్కలంటే భయపడే పొరుగువారి మాట కూడా ఓపికగా వినండి. వారి భయం అబద్ధం కాదు.

మీ పిల్లలకు నేర్పండి: తినే కుక్కను, నిద్రపోయే కుక్కను, పిల్లలున్న తల్లికుక్కను కదిలించవద్దు. కుక్క ఎదురైతే పరుగెత్తవద్దు, చెట్టులా కదలకుండా నిలబడాలి. కుక్క కరిచినా, గీకినా దెబ్బలు తింటామని దాచిపెట్టకుండా అమ్మకు చెప్పాలి. పిల్లవాడు చెప్పినప్పుడు తిట్టకండి. తిడతారన్న భయంతో దాచిన కాటే అన్నిటికంటే ప్రమాదం.

నీతిమంతుడు తన పశువు ప్రాణాన్ని కూడా పట్టించుకుంటాడని సామెతల గ్రంథం 12వ అధ్యాయం బోధిస్తుంది. పట్టించుకోవడమంటే జాలిపడటంతో ఆగిపోకుండా, పొద్దున్నే లేచి గిన్నె కడగడం, తేదీ గుర్తుంచుకోవడం, సూది వేయించడం. రేబిస్ టీకా గురించి సందేహాలుంటే మన క్యాజువాలిటీలో ఏ వేళనైనా నర్సులను అడగండి. ప్రభువు మీ ఇంటివారిని, మీ వీధిలోని పిల్లలను, నోరులేని ప్రాణులను కాపాడును గాక.

– నర్సింగ్ సూపరింటెండెంట్